దాచవలసినది, చెప్పవలసినది

2024 రమజాన్ నెలలో ఒక గురువారం సాయంత్రం, మగ్‌రిబ్ అజాన్ ముగిసిన కాసేపటికే, కేసముద్రంలోని మా మస్జిద్ మైకు సెట్టు మూగబోయింది. తరావీహ్ నమాజుకు వరండా దాకా నిలబడే జనానికి ఇమాము గొంతు వినిపించే మార్గం లేకపోయింది. మహబూబాబాద్‌లోని మెకానిక్‌కు ఫోను చేస్తే శనివారం వస్తానన్నాడు. కొత్త సెట్టుకు ఎంత చందా పోగవుతుందోనని కమిటీ పెద్దలు లెక్కలు వేయసాగారు. అంతలో వెనుక వరుసలో నుండి ఒక వ్యక్తి లేచి వచ్చి, “మౌలానా సాబ్, మీరు అనుమతిస్తే నేనొకసారి చూస్తాను” అన్నాడు.

అతడు మాకు కొత్తవాడు కాడు. చిన్ననాడు మా మక్తబ్‌లోనే ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్నాడు. ఇరవై ఒకటవ ఏట సైన్యంలో చేరి, పదిహేడు సంవత్సరాలు సేవ చేసి, రెండు నెలల క్రితమే పింఛనుతో ఇల్లు చేరాడు. ‘ఫౌజీ’ అని మహల్లా అంతా పిలుస్తుంది. సైన్యంలో ఏమి చేసేవాడని మేమెన్నడూ అడగలేదు. తుపాకీ పట్టి సరిహద్దులో కాపలా కాశాడని అందరిలాగే మేమూ అనుకున్నాము.

కొడుకును ఇంటికి పంపి మల్టీమీటరు, టంకం వేసే ఐరన్ తెప్పించుకున్నాడు. పెట్టె మూత విప్పి, లోపలి భాగాలను ముట్టుకోకుండా రెండు నిమిషాలు చూశాడు. ఆ తరువాత మూడు నాలుగు చోట్ల మాత్రమే మీటరు ఆనించి, ఉబ్బిపోయిన ఒక కెపాసిటర్‌ను వేలితో చూపించాడు. సామాన్ల గదిలో ఏళ్లుగా పడి ఉన్న పాత సెట్టులో నుండి అటువంటిదే ఒకటి ఊడదీసి అతికించాడు. ఆ రాత్రి తరావీహ్ మైకులోనే జరిగింది.

నమాజు తరువాత అతడిని పక్కన కూర్చోబెట్టుకొని, ఇకపై ఏమి చేయదలచుకున్నావని అడిగాము. “ఈద్ కాగానే హైదరాబాదు వెళుతున్నాను, మౌలానా సాబ్. ఒక కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. మా బావమరిది మాట్లాడి పెట్టాడు” అన్నాడు. హలాల్ సంపాదన దొరికిందని మేము సంతోషించి ముబారక్ చెప్పాము. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ముబారకే. దానిని చెప్పడంలో మేము తొందరపడ్డామని కొన్ని నెలల తరువాత మాకు అర్థమైంది.

క్రాఫ్ట్స్‌మన్ అనే సైనికుడు

భారత సైన్యంలో ఇ.ఎం.ఇ. అనే సాంకేతిక దళం ఉన్నది. ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళమని దాని అర్థం. 1943లో అది ఏర్పడింది. ప్రతి సంవత్సరం అక్టోబరు 15న దళ దినోత్సవం జరుపుకొంటారు. ట్యాంకు ఇంజనుతో మొదలుకొని వైర్‌లెస్ సెట్టు, రాడార్ వరకు సైన్యం వాడే యంత్రాలను నడిచే స్థితిలో ఉంచడం ఆ దళం బాధ్యత. ఇతర దళాలలో సిపాయి అని పిలిచే తొలి మెట్టు సైనికుడిని ఈ దళంలో ‘క్రాఫ్ట్స్‌మన్’ అంటారు. చేతిపని తెలిసినవాడని ఆ మాటకు భావం. ఆ దళపు పెద్ద విద్యాసంస్థ, సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కళాశాల, మన సికింద్రాబాదులోని తిరుమలగిరిలోనే ఉన్నది. కేసముద్రం స్టేషనులో ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి చేరుకునే దూరంలో ఉన్న ఆ విద్య గురించి మనకు తెలిసినది అత్యల్పం.

మా శిష్యుడు నేర్చినది రేడియో, రాడార్ పరికరాల మరమ్మతు. ఆ రాత్రి అతడు సెట్టును పరీక్షించిన పద్ధతి మాకు ఆశ్చర్యం కలిగించింది. మొదటి భాగం నుండి వరుసగా ఎందుకు చూడలేదని తరువాత ఒకనాడు అడిగాము. అతడిచ్చిన వివరణ ఇది. పరికరంలో సంకేతం ఒక భాగం నుండి మరొక భాగానికి గొలుసులాగా సాగుతుంది. ఎనిమిది భాగాలున్నాయనుకుంటే, ఒక్కొక్కటిగా చూస్తే ఎనిమిది పరీక్షలు కావచ్చు. సరిగ్గా నడుమ మీటరు పెడితే, అక్కడి దాకా సంకేతం సక్రమంగా వస్తున్నదా లేదా అన్నది తేలిపోతుంది. వస్తుంటే లోపం రెండవ సగంలో ఉన్నట్టు, రాకుంటే మొదటి సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఎనిమిది భాగాలకు మూడు పరీక్షలు చాలు, పదహారింటికి నాలుగు చాలు.

అది వింటున్నంతసేపూ మాకు హదీసు శాస్త్రంలోని సనదు గుర్తుకు వచ్చింది. ఒక ఉల్లేఖనం మన దాకా చేరిన గొలుసులో ఏ కడియం తెగిందో, ఏ కడియం బలహీనమో తేల్చడానికి ముహద్దిసులు జీవితాలు ధారపోశారు. లోపాన్ని ఊహతో చెప్పకుండా, గొలుసును పరీక్షించి తేల్చే బుద్ధి రెండు చోట్లా ఒక్కటే. ఆ బుద్ధి అలవడడానికి పదిహేడేళ్లు పట్టింది. దానిని మేము ఒక గేటు దగ్గరకు సాగనంపాము.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. కాపలా ఉద్యోగం తక్కువది కాదు. నిజాయితీగా చేసే ఏ పనీ ఇస్లాంలో తక్కువది కాదు. మాజీ సైనికులతో నడిచే భద్రతా సంస్థలను కేంద్ర ప్రభుత్వ పునరావాస విభాగమే నమోదు చేసుకొని ప్రోత్సహిస్తుంది. పదాతి దళం నుండి వచ్చినవారికి ఆ పని వారి అనుభవానికి తగినదే. మా ఆవేదన వేరు. చేతిలో విద్య ఉన్నవాడు, ఆ విద్య ఉన్నదని చెప్పుకోలేక మరొక పనిలో కుదురుకుంటే, అతడి ఇంటికీ సమాజానికీ కూడా నష్టమే.

వరద నేర్పిన పాఠం

అదే సంవత్సరం సెప్టెంబరు 1న కురిసిన కుండపోత వర్షం మన ప్రాంతం మరచిపోలేనిది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య నీరు రైలు కట్టను కోసివేసింది. పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లు దారిలోనే ఆగిపోయాయి, ప్రయాణికులు చిక్కుకుపోయారు. రైల్వే వారు రాత్రింబవళ్లు శ్రమించి కొద్ది రోజులలో మార్గాన్ని పునరుద్ధరించారు. సెలవుపై ఇంటికి వచ్చిన మా ఫౌజీ తిరిగి వెళ్లడానికి రైలు లేక ఊళ్లోనే ఉండిపోయాడు.

ఒకనాడు అస్ర్ తరువాత ఇద్దరమూ పట్టాల వైపు నడిచాము. అక్కడ కొందరు సిగ్నల్ సిబ్బంది పెట్టె తెరిచి, మీటర్లతో తీగలను పరీక్షిస్తున్నారు. అతడు చాలాసేపు నిలబడి చూశాడు. చివరికి నెమ్మదిగా, “మౌలానా సాబ్, వీళ్లు చేస్తున్నది నాకు తెలిసిన పనే” అన్నాడు. “మరి నీవెందుకు చేయడం లేదు?” అని అడిగాము. “నాకు తెలుసునని ఏ కాగితం చెబుతుంది?” అన్నాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని సూటిగా తాకింది. ఎందుకంటే అది ఒకప్పుడు మా ప్రశ్న కూడా. ఎనిమిదేళ్లు మదరసాలో చదివి, ఫజీలత్ సనదు చేతబట్టుకొని, మేము ఒక ఆఫీసుకు వెళ్లిన రోజు ఉన్నది. బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా దానిని అటూ ఇటూ తిప్పి, “ఇది పదవ తరగతికి సమానమా, కాదా?” అని అడిగాడు. అరబీ వ్యాకరణం, ఫిఖహ్, తర్కశాస్త్రం చదివిన మాకు సమాధానం తెలియలేదు. చదువు లేక మేము తిరిగి రాలేదు. ఆ చదువును అవతలివారి లెక్కలోకి మార్చి చెప్పలేక తిరిగి వచ్చాము. నేడు హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు మదరసా సనదులకు సమానతను గుర్తించి, బ్రిడ్జి కోర్సుల ద్వారా విద్యార్థులను చేర్చుకుంటున్నాయి. మా కాలంలో ఆ వంతెన ఉన్నదని చెప్పేవారు లేరు. సైనిక సాంకేతికుడి పరిస్థితి కూడా ఇదే. వంతెనలు ఉన్నాయి, వాటి దాకా నడిపించేవారే తక్కువ.

రెండు అమానతులు

అతడు ఎందుకు చెప్పుకోలేకపోయాడు? మొదటి కారణం బిడియం. రెండవ కారణం మరింత లోతైనది. సైన్యంలో చూసినది, చేసినది బయట చెప్పకూడదని పదిహేడేళ్లు అతడికి నేర్పారు. అది న్యాయమే. దేశ రక్షణకు సంబంధించిన రహస్యాలను కాపాడడానికి 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నది, దానిని మించి ఒక ముస్లింకు అమానతు బాధ్యత ఉన్నది. ఏ పరికరం ఏ ప్రాంతంలో ఉన్నది, దాని శక్తి ఎంత, ఏ తరంగాలపై పనిచేస్తుంది, ఏ దళం వద్ద ఎన్ని ఉన్నాయి అన్న విషయాలు పదవీ విరమణ తరువాత కూడా, ఎంత ఆప్తుడు అడిగినా చెప్పరానివే.

అయితే అతడు రెండు అమానతులు మోసుకొచ్చాడు. ఒకటి రహస్యం, దానిని దాచాలి. రెండవది నైపుణ్యం, అది అల్లాహ్ ఇచ్చిన వరం, దానిని చెప్పి వినియోగించాలి. అలవాటు చొప్పున అతడు రెండింటినీ ఒకే మూటలో కట్టి దాచేశాడు.

తన యోగ్యతను చెప్పుకోవడం గర్వమవుతుందేమోనన్న అనుమానం భక్తిపరులకు కలుగుతుంది. హజ్రత్ యూసుఫ్ (అలైహి) వృత్తాంతాన్ని గుర్తు చేసుకుందాం. చెరసాల నుండి బయటకు వచ్చి రాజు ఎదుట నిలబడినప్పుడు, దేశపు ధాన్యాగారాల బాధ్యతను ఆయన తానుగా అడిగారు. తాను కాపాడగలవాడినని, విషయం తెలిసినవాడినని కారణం కూడా చెప్పారు. ముంచుకొస్తున్న కరవులో ప్రజల ఆకలి తీర్చే అవసరం అక్కడ ఉన్నది. అవసరం ఉన్న చోట, ఉన్నదానిని ఉన్నట్టు, అణువంతయినా పెంచకుండా చెప్పడం గర్వం కాదు.

ఆ సాయంత్రం మస్జిద్ మెట్లపై కూర్చొని కాగితం మీద అతడి వివరాలు రాయడం మొదలుపెట్టాము. అతడు తొలుత రాసినది ఒక్కటే వాక్యం: హవల్దార్, ఇ.ఎం.ఇ., రేడియో మెకానిక్, పదిహేడేళ్ల సర్వీసు. అది చదివిన ఆసుపత్రి మేనేజరుకు గానీ, కర్మాగారం యజమానికి గానీ అర్థమయ్యేది ఏమీ లేదు. మేము ప్రశ్నలు వేశాము, అతడు జవాబులు చెప్పాడు. నాలుగు సాయంత్రాల తరువాత ఆ కాగితం ఇలా మారింది: సర్క్యూట్ చిత్రం చదివి, బోర్డులోని చిన్న భాగం దాకా లోపం కనుగొనగలను. మల్టీమీటరు, ఆసిలోస్కోపు వాడగలను. పవర్ సప్లైలు, బ్యాటరీ ఛార్జర్లు, రేడియో పరికరాలు మరమ్మతు చేశాను. నిర్ణీత కాలానికి చేయవలసిన తనిఖీలను చేసి, ప్రతి పరికరానికి చరిత్ర పుస్తకం రాశాను. చిన్నవారికి పని నేర్పాను. ఎండలో, చలిలో, విడిభాగాలు అందని చోట పనిచేశాను.

ఇందులో ఒక్క రహస్యం లేదు, ఒక్క అబద్ధమూ లేదు. పరికరం పేరు లేదు, స్థలం పేరు లేదు. పని మాత్రం ఉన్నది.

కాగితాల వంతెన

ఇటువంటి కుటుంబాలు తెలుసుకోవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ గ్రూపు-సి ఉద్యోగాలలో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వరంగ సంస్థలు, బ్యాంకుల గ్రూపు-సి ఉద్యోగాలలో వికలాంగ మాజీ సైనికుల వాటాతో కలిపి 14.5 శాతం కేటాయింపు ఉన్నది. వయస్సు మించిపోయిందని చాలామంది దరఖాస్తే చేయరు. ఈ ఉద్యోగాలకు అసలు వయస్సు నుండి సైనిక సేవాకాలాన్ని తీసివేసి లెక్కిస్తారు, ఆపై మరో 3 సంవత్సరాల సడలింపు కూడా ఇస్తారు. 38 ఏళ్ల మా శిష్యుడి వయస్సు, 17 ఏళ్ల సేవ తీసివేస్తే, 21 అవుతుంది. ఈ లెక్క విన్నప్పుడు అతడి భార్య నవ్విన నవ్వు మాకు ఇంకా గుర్తున్నది.

పదవ తరగతి ఉత్తీర్ణుడై 15 సంవత్సరాలకు తక్కువ కాకుండా సేవ చేసినవారిని డిగ్రీ అర్హత కోరే కొన్ని ఉద్యోగాలకు కూడా అర్హులుగా పరిగణిస్తారు. అయితే సాంకేతిక అర్హత తప్పనిసరి అయిన ఉద్యోగాలకు ఈ సౌకర్యం వర్తించదు. అనగా అది గుమాస్తా బల్ల దాకా తీసుకువెళుతుంది, మరమ్మతు బల్ల దాకా తీసుకువెళ్లదు. సాంకేతిక దారి కోరుకునేవాడు తన ట్రేడుకు పౌర ట్రేడులలో సమానమైనది ఏదో తెలుసుకొని, ఆ సమానతను తెలిపే పత్రాన్ని విడుదలయ్యే ముందే సంపాదించుకోవాలి. అది లేనివారికి ‘పూర్వ నైపుణ్య గుర్తింపు’ అనే ప్రభుత్వ విధానం ఉన్నది. ఇప్పటికే తెలిసిన పనిని పరీక్షించి, సర్టిఫికెట్ ఇస్తారు.

రక్షణ మంత్రిత్వ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్, డి.జి.ఆర్. అని పిలిచే విభాగం, పదవీ విరమణకు చేరువైన సైనికులకు పౌర సంస్థలలో కోర్సులు ఏర్పాటు చేస్తుంది. జవాన్లకు, జె.సి.ఓ.లకు ఆ ఫీజును ప్రభుత్వమే భరిస్తుంది. ఇంటికి చేరిన తరువాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. మా శిష్యుడు కోర్సుల కాలాన్ని ఇంటి పనులలో గడిపేశాడు. అందుకే ఈ పత్రికను చదివే ఇళ్లలో ఎవరి కుమారుడైనా, అల్లుడైనా సైన్యపు సాంకేతిక దళంలో ఉంటే, విరమణకు రెండేళ్ల ముందే ఈ సంభాషణ మొదలుపెట్టాలని మేము కోరుతున్నాము.

పని ఎక్కడ ఉన్నది?

మొదట మన ఇంటి ముందున్న రైలు మార్గాన్నే చూద్దాం. సిగ్నల్, టెలికాం విద్య నేర్పే రైల్వే సంస్థ ‘ఇరిసెట్’ 1957 నుండి సికింద్రాబాదులోనే ఉన్నది. తిరుమలగిరిలోని సైనిక కళాశాలకు, తార్నాకలోని ఈ సంస్థకు మధ్య దూరం కొద్ది మైళ్లే. రెండు రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థను తయారుచేస్తున్న తొలి సంస్థలు మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్ మూడూ హైదరాబాదుకు చెందినవే. రైలింజనులోని పరికరం, పట్టాల పక్క పరికరం రేడియో ద్వారా మాట్లాడుకోవడమే కవచ్‌లోని కీలకం. వైర్‌లెస్ సెట్లు బాగుచేసినవాడికి ఇది పరాయి భాష కాదు.

రెండవది ఆసుపత్రి. జాతీయ ఆరోగ్య మిషన్ వారు వైద్య పరికరాల నిర్వహణ పథకం కోసం ప్రభుత్వ ఆసుపత్రులలో 7 లక్షల 50 వేలకు పైగా పరికరాలను లెక్కించినప్పుడు, ఆయా రాష్ట్రాలలో 13 నుండి 34 శాతం వరకు పనిచేయని స్థితిలో ఉన్నట్టు తేలింది. ఈ అంకెను మరొకసారి చదవండి. ఒక పేద తల్లి తన బిడ్డను ఎత్తుకొని వచ్చినప్పుడు మూలన పడి ఉన్న యంత్రం, చాలాసార్లు ఒక ఫ్యూజు, ఒక బోర్డు, ఒక తీగ దగ్గర ఆగిపోయి ఉంటుంది. దానిని బాగుచేయగల చేయి ఒకటి మరెక్కడో ఊరకే ఉంటుంది. ఆ పనికి పుణ్యం కూడా ఉన్నదని వేరుగా చెప్పనవసరం లేదు.

మూడవది కర్మాగారాలు. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. అణుశక్తి శాఖ సంస్థ. ఒకప్పుడు ఇళ్లలోని టీవీలు, నేటి ఓటింగ్ యంత్రాలు, రక్షణ పరికరాలు ఒకే సంస్థ చేతుల మీదుగా వచ్చాయంటే, సైనిక విద్యకూ పౌర విద్యకూ మధ్య గోడ ఎంత పలుచనిదో గ్రహించవచ్చు.

నాలుగవది స్వంత దుకాణం. దీనికి జపాన్ చెప్పే ఒక కథ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయుధ పరిశోధన సంఘంలో మసారు ఇబుకా అనే ఇంజనీరు, అకియో మోరిటా అనే యువ నౌకాదళ అధికారి కలుసుకున్నారు. 1945లో యుద్ధం ముగిసింది. బాంబులకు దెబ్బతిన్న టోక్యోలోని ఒక పెద్ద దుకాణ భవనంలో ఇబుకా రేడియోలు బాగుచేసే పని ప్రారంభించారు. యుద్ధకాలంలో విదేశీ వార్తలు వినకుండా ప్రజల రేడియోలలో షార్ట్‌వేవ్ భాగాన్ని తొలగించి ఉన్నారు. వాటిని మళ్లీ వినగలిగేటట్టు చేసే చిన్న పరికరాన్ని తయారుచేసి ఇచ్చారు. మోరిటా వచ్చి చేరారు. 1946 మేలో ఇద్దరూ కలిసి స్థాపించిన చిన్న సంస్థే తరువాత సోనీగా ప్రపంచానికి తెలిసింది. అందరూ సోనీ కాలేరు. కాని వారు మొదట వేసిన ప్రశ్న అందరూ వేసుకోవచ్చు: మన చేతిలో ఉన్న విద్యతో ఇరుగుపొరుగుకు ఇప్పుడు ఏ అవసరం తీరుతుంది? మార్కెట్ యార్డుకు మిర్చి, పసుపు బస్తాలు తరలివచ్చే మన ఊళ్లో, ఎలక్ట్రానిక్ కాంటాలు, బోరు మోటార్ల స్టార్టర్లు, ఇన్వర్టర్లు పాడవని రోజు ఉంటుందా?

ఇంకా నేర్వవలసినది

నైపుణ్యం ఉన్నదని చెప్పడం ఎంత ముఖ్యమో, లేనిదానిని ఒప్పుకోవడం కూడా అంతే ముఖ్యం. సైన్యంలో బాగుచేసిన పరికరానికి ధర అడిగేవారు లేరు. పౌర జీవితంలో మరమ్మతుకు ముందే ఖర్చు అంచనా చెప్పాలి, చెప్పిన మాట నిలుపుకోవాలి. కొత్త బోర్డులపై భాగాలు బియ్యపు గింజ కంటే చిన్నవి, వాటిని అతికించే పద్ధతి వేరు. నేటి యంత్రాలలో లోపాలు సాఫ్ట్‌వేర్‌లో కూడా ఉంటాయి. కంప్యూటరు, నెట్‌వర్కు పరిజ్ఞానం లేకుండా సాగదు. అన్నిటికంటే కష్టమైనది, తన కంటే పదిహేనేళ్లు చిన్నవాడైన ఇంజనీరు కింద పనిచేయడం. హవల్దారుగా పదిమందికి ఆజ్ఞలిచ్చిన మనిషి మళ్లీ శిష్యుడిగా కూర్చోవాలి. ఇక్కడ మదరసా అదబు పనికి వస్తుంది. విద్య ఎవరి దగ్గర ఉంటే వారి ముందు మోకాళ్లు మడిచి కూర్చోవడం మన పెద్దలకు అవమానం కాలేదు.

ఇంటివారి వంతు

ఒక సైనికుడు ఇంటికి వచ్చినప్పుడు అతడితోపాటు కొంత సొమ్ము కూడా వస్తుంది. ఆ సొమ్మును చూడగానే ఇంట్లో పాత కోరికలన్నీ లేస్తాయి. మేడ మీద మరో అంతస్తు, కుమార్తె పెళ్లి ఆడంబరంగా చేయడం, తమ్ముడి వ్యాపారం. ఏడాది తిరిగేసరికి సొమ్ము ఉండదు, నెలనెలా పింఛను మాత్రం మిగులుతుంది. అప్పుడు దొరికిన మొదటి ఉద్యోగంలో చేరక తప్పదు. కొత్త పని నేర్చుకోవడానికి ఆరు నెలలు, సంవత్సరం జీతం తక్కువైనా తట్టుకోగల మొత్తాన్ని మొదటే పక్కన పెట్టాలి. ఆ నిర్ణయం భర్త ఒక్కడిది కాదు, భార్యాభర్తలిద్దరిదీ. నికాహ్ సాదాగా జరిపించడం సున్నతు అని ప్రసంగాలలో చెబుతాము. ఆ సాదాతనం ఒక తండ్రి కొత్త జీవితానికి పెట్టుబడి కూడా కాగలదు. దుకాణం పెట్టదలచినవారు వడ్డీ అప్పుతో పెద్ద ఎత్తున మొదలుపెట్టకుండా, ఉన్న పనిముట్లతో చిన్నగా ఆరంభించడం మేలు. మహల్లాలో శక్తిమంతులు ఖర్జె హసనా ఇవ్వడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది?

బంధువుల మాటల సంగతి కూడా ఉన్నది. “ఫౌజీ ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు” అన్న ఒక్క మాట, చదువుకుంటున్న మనిషిని పుస్తకం మూయిస్తుంది. మా శిష్యుడి భార్యను ఒకసారి ఎవరో అలాగే అన్నారట. “ఖాళీగా లేరు, నేర్చుకుంటున్నారు” అని ఆ సోదరి జవాబు చెప్పింది. మేము వ్రాసిన కాగితం కంటే ఆ జవాబే అతడికి ఎక్కువ బలమిచ్చిందని మా నమ్మకం.

రాబోయే యువకులు

ఈ విషయం ఇక కొద్దిమంది పింఛనుదారులది మాత్రమే కాదు. 2022 జూన్‌లో ప్రకటితమైన అగ్నిపథ్ పథకం కింద చేరినవారి సేవాకాలం నాలుగేళ్లు. వారిలో 25 శాతం వరకే శాశ్వత సేవకు ఎంపికవుతారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, నైపుణ్య సర్టిఫికెట్‌తో ఇల్లు చేరుతారు. పింఛను ఉండదు. తొలి బృందాల నాలుగేళ్లు 2026 ముగింపు నుండి పూర్తి కానున్నాయి. 38 ఏట రావలసిన ప్రశ్న ఈ పిల్లలకు 22 ఏట, 24 ఏట వస్తుంది. వయస్సు వారికి అనుకూలం, అనుభవం తక్కువ కావడం ప్రతికూలం. అందువల్ల సైన్యంలో ఉన్న ప్రతి సంవత్సరం ఏమి నేర్చుకున్నారో వ్రాసి పెట్టుకోవడం, సర్టిఫికెట్లను భద్రపరచుకోవడం, సెలవులలో డిప్లొమా చదువు కొనసాగించడం వారికి మరింత అవసరం.

చివరికి

మా శిష్యుడికి ఏమైనదని పాఠకులు అడుగుతారు. రైల్వే నోటిఫికేషనుకు దరఖాస్తు చేశాడు, ఆ పరీక్షలో నెగ్గలేదు. ఆ తరువాత వరంగల్‌లో ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ఒక చిన్న సంస్థలో చేరాడు. మొదటి సంవత్సరం జీతం గేటు ఉద్యోగం కంటే మూడు వేలు తక్కువ. తెల్లవారుజామున రైలెక్కి, ఇషాకు తిరిగి వచ్చేవాడు. ఇంట్లో ఆ సంవత్సరం ఈద్‌కు కొత్త బట్టలు పిల్లలకు మాత్రమే కొన్నారు. రెండవ సంవత్సరం జీతం పెరిగింది. పెరగకపోయినా తాను వెనుకకు వెళ్లేవాడిని కాదని అతడు మాతో అన్నాడు. పురిటి బిడ్డలను వెచ్చగా ఉంచే యంత్రం ఒకటి బాగుచేసి వచ్చిన రాత్రి అది.

దివ్య ఖుర్ఆన్ హజ్రత్ దావూద్ (అలైహి)ను ప్రస్తావిస్తూ, అల్లాహ్ ఆయనకు ఇనుమును మెత్తన చేశాడని, యుద్ధంలో మనుషులను కాపాడే కవచాల తయారీని నేర్పాడని తెలుపుతుంది. కడియాలను సరిగ్గా కొలిచి కూర్చమన్న ఆదేశం కూడా అక్కడే ఉన్నది. ఆ ప్రవక్త తన చేతి కష్టంతోనే భుజించేవారని సహీహ్ బుఖారీ ఉల్లేఖనం తెలుపుతున్నది. కవచం చేసిన చేతులు, అన్నం సంపాదించిన చేతులు ఒక్కటే. ఆ చేతులకు విద్యనిచ్చినవాడూ ఒక్కడే.

గత శుక్రవారం మక్తబ్ పిల్లలలో పెద్దవారు నలుగురు మా పాత మైకు సెట్టు ముందు కూర్చొని ఉన్నారు. మా ఫౌజీ వారి చేతికి మీటరు ఇచ్చి, ఎక్కడ పెట్టాలో చెప్పకుండా చూస్తున్నాడు. ఒక పిల్లవాడు కాసేపు ఆలోచించి, సరిగ్గా నడుమ పెట్టాడు.